కెప్టెన్ అంగీ మీది కాలిన మచ్చ

మూంటా పట్టణంలో లిండ్సే పెంగెల్లీ అనుమతి లేకుండా ఎవరూ అంతరిక్షంలోకి వెళ్ళడానికి వీల్లేదు. తప్పుగా నిలిపిన కార్ల అద్దాలకు జరిమానా చీటీలు తగిలిస్తూ పురపాలక కొలువులో తల నెరిపించుకున్న ఆ పెద్దమనిషి, విశ్రాంతి తీసుకోవలసిన వయసులో ‘ధూమకేతు దళం’ అనే అంతరిక్ష సినిమాల అభిమాన సంఘానికి వేషపరీక్షకుడయ్యాడు. ఆ సినిమాల వరుసలోని ఏ పాత్ర వేషం వేసుకున్నా సరే, ఏటా జరిగే ఊరేగింపులో నడవాలంటే తెరమీద కనిపించినదానికీ ఒంటిమీద ఉన్నదానికీ నూలుపోగంత తేడా ఉండకూడదు. తేడా లేదని తేలితే లిండ్సే లోపలి అంచున ఆకుపచ్చ దారంతో ఒక కుట్టు వేస్తాడు. ఆ కుట్టు పడనివారు కాలిబాట మీద నిలబడి చప్పట్లు కొట్టుకోవచ్చు.

నవ్వుకునేవారు నవ్వుకోండి, భార్య పోయిన తరువాత అతని ఇంటి తలుపు తట్టేవారంటూ ఉంటే, ఆ కుట్టు కోసం వచ్చినవారే.

ఆ పదవికి ఎసరు పెట్టినది రోజ్లిన్ కిట్టో. ఊళ్ళో జుట్టు కత్తిరించే దుకాణం నడిపే ఆమెకు కత్తెరకన్నా నాలుక పదును. ఇటీవల వచ్చిన కొత్త భాగాల దుస్తులను ఊరేగింపులో అనుమతించాలా వద్దా అన్న వివాదం, సంఘం కూడే బౌల్స్ క్లబ్బు హాలులో రెండు నెలలుగా రగులుతూనే ఉంది. అనుమతిస్తే పరీక్షకుడు కూడా మారాలన్నది ఆమె పట్టు.

“అవీ బట్టలేనా? నిద్రలో లేచొచ్చిన ప్లంబర్లలా ఉన్నారు గదా!” అన్నాడు లిండ్సే.

“మీ పాతవాళ్ళు మాత్రం? కిటికీ పరదాలు చుట్టుకుని గ్రహాలు జయించారు. ఆ పరదాల్ని మీరు పూజ చేస్తున్నారు, అంతే తేడా” అంది రోజ్లిన్.

“పాతదాంట్లో కాలిన మచ్చకి కూడా అర్థముందమ్మా. కొత్తదాంట్లో కుట్టుపనికే లేదు!”

ఇది లిండ్సే బ్రహ్మాస్త్రం. మొదటి సినిమాలో కెప్టెన్ భుజాలనుంచి మడమలదాకా వేలాడే చేతుల్లేని అంగీకి, ఎడమ భుజం మీద చిన్న కాలిన మచ్చ ఉంటుంది. అది గ్రహణం పట్టిన మాతృగ్రహానికి సంకేతమని, రూపకర్త ప్రతిభకు పరాకాష్ఠ అని లిండ్సే ఏళ్ళ తరబడి ఉపన్యసించాడు. సంఘంలోని ప్రతి అంగీ మీదా ఆ మచ్చను భక్తితో కాల్చుకున్నారు. మన వ్యాఖ్యాతలేమైనా తక్కువ తిన్నారా? లేఖకుడి కలంనుంచి జారిన సిరాచుక్కలో శ్లేషను దర్శించి, దానిమీద పీఠిక రాసి, ఆ పీఠికకు సన్మానం పొందినవారిని ఎరుగుదుము. ఆ దర్శనభాగ్యం ఒక్క భాషవారి సొత్తు కాదన్నమాట.

ఈ రెండు పేచీల మీదా శనివారం ఓట్లు. గురువారంనాడు డల్సీ హాకింగ్ అనే ఎనభై ఏళ్ళ ముసలమ్మ, బజారుసంచీలో ఒక అంగీ కుక్కుకుని లిండ్సే ఇంటికి వచ్చింది.

“ఊరేగింపులో నడుద్దామని ఉంది నాయనా. దీనికో కుట్టెయ్యి.”

లిండ్సే కళ్ళద్దాలు సవరించుకున్నాడు. తెరమీద నీలం, ఇది పాచి రంగు. అంచు వంకర. అస్తరు గొంగళి ముక్క. మచ్చ చోటు సరిగానే ఉంది గాని, గ్రహణరేఖ వంపు లేనేలేదు.

“చెల్లదమ్మా. ఏమనుకోకండి, దీన్ని కుట్టినవాళ్ళకి దళం మీద గౌరవం లేదు.”

డల్సీ పకపకా నవ్వింది. “గౌరవమా? సినిమా తీసిన ఆ ఎడార్లో వాళ్ళకి ఈగల్ని తోలుకోడానికే టైం లేదు! మా ఆయన క్లారీ ఆ సినిమావాళ్ళ లారీ తోలాడు నాయనా. ఓ పొద్దున చలేసి ఇది కప్పుకుని సిగరెట్టు తాగుతా కునికాడు, భుజం కాలింది. కిక్కురుమనకుండా మడతపెట్టి ఇచ్చేశాడు. కెప్టెన్ అలాగే తొడుక్కున్నాడు. ఆఖరిరోజు ఎవరూ అడక్కపోతే ఇంటికి తెచ్చాడు. ఇన్నాళ్ళూ మా కుక్క పడుకుంది దీని మీద.”

కట్టుకథ అనబోయి లిండ్సే అంగీని తిరగేశాడు. మూడో కొక్కెం స్థానంలో వంచిన ఇనుపతీగ ఉంది. సినిమాను ఒక్కచోట ఆపి చూస్తేనే కనిపించే ఆ తీగ సంగతి, నకిలీ నిపుణులను పట్టుకోవడానికని, అతడు ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఎడారిలో తొడిగిన అసలు అంగీని చెల్లదన్నవాడు లోకంలో తానొక్కడే.

అతని ముఖం చూసి డల్సీ గొంతు తగ్గించింది. “నేనెవరికీ చెప్పన్లే నాయనా. చెల్లదంటే చెల్లదు, పట్టుకుపోతా.”

సంచీ అందుకోవడానికి ఆమె చేయి చాచింది. నోరు కట్టుకుంటే పదవి నిలుస్తుంది. ఆమె అంగీ కుక్కకే మిగులుతుంది. లిండ్సే సూది వెతికాడు. ఆ ఆకుపచ్చ కుట్టు, అతడు వేసిన కుట్లన్నిటిలోకీ వంకరది.

శనివారం హాలులో అతడు లేచి, డల్సీ ఎదుటే, క్లారీని, సిగరెట్టును, కునుకును దాచకుండా చెప్పాడు. గ్రహణం సంగతి తన కల్పన అని కూడా ఒప్పుకున్నాడు. ఆపైన చేతులు లేచాయి: కొత్త దుస్తులు నెగ్గాయి, రోజ్లిన్ పరీక్షకురాలైంది. చేతులు దింపీ దింపకముందే వెనక వరుసలోంచి ఎవరో అడిగారు.

“డల్సమ్మా, క్లారీ తాగింది పెట్టెలో సిగరెట్టా, సొంతంగా చుట్టుకున్నదా?”

“చుట్టుకునేవాడు. సన్నగా.”

హాలంతా గుప్పుమంది. “సన్నదా! అయితే మన మచ్చలన్నీ లావు!”

జ్ఞానోదయమంటే ఇదే గాబోలు. లేని గ్రహణాన్ని మానుకున్న మేధావులు లేచి సిగరెట్టు చుట్టుకొలత మీద పడ్డారు. రోజ్లిన్ కూడా ఏం తక్కువది కాదు. పీఠమెక్కగానే, మచ్చ వెడల్పు అసలుకు సరిపోని పాత అంగీలేవీ చెల్లవని తీర్పు చెప్పింది. అందులో లిండ్సే అంగీ మొదటిది.

“నా కుట్టు నేనే వేసుకున్నానమ్మా దానికి!” అన్నాడతడు.

“ఇప్పుడు ఆ కుట్టు విప్పండి మరి, లిండ్సేగారూ. రూలు రూలే గదా.”

ఊరేగింపునాడు ఈదురుగాలి. లిండ్సే చొక్కాతో కాలిబాట మీద నిలబడ్డాడు. ముందువరుసలో కొత్తవేషాల ప్లంబర్ల నడుమ కుక్కవాసన వేసే పాచిరంగు అంగీతో నడుస్తున్న డల్సీ అతణ్ణి చూసి ఆగిపోయింది. ఊరేగింపంతా ఆమె వెనక ఆగింది.

“అక్కడేం చలికి వణుకుతావు నాయనా? ఇటు రా. ఇది ఇద్దరికి చాలు.”

“ఒక అంగీలో ఇద్దరు నడవకూడదమ్మా. నియమం.”

“ఎవడు రాశాడా నియమం?”

“నేనే.”

“అయితే నీకు బాగా తెలుసుగా, ఎంత దిక్కుమాలిందో!”

లిండ్సే రోడ్డులోకి దిగాడు. వెనకనుంచి రోజ్లిన్, ఇద్దరున్న అంగీ చెల్లదంటూ గొంతు చించుకుంటోంది. న్యాయానికి ఆమె మాటే సరైనది. డల్సీ అంగీ అంచు ఎత్తి అతని భుజం మీద వేసి, “ఇటు కాస్త వంగు, పొడుగోడా, నాకు గాలి కొడుతోంది” అంది.