టైరు కింద నిమ్మకాయ

నిమ్మకాయ చితికిన చప్పుడుకే నా గుండె జారింది. ఆ నిమ్మకాయ మా కారు ముందు టైరు దగ్గర ఉంది. కారు తాళంచెవి మూడో అంతస్తులో మా ఆయన జేబులో ఉంది. డ్రైవర్ సీట్లో ఎవరూ లేరు. వెనక సీట్లో మాత్రం నా పిల్లలిద్దరూ ఉన్నారు.

హారతి పళ్లెం చేతిలో పట్టుకుని తలెత్తి చూశాను. కారు కదులుతోంది. ఇంజిన్ చప్పుడు లేదు, తొందర లేదు, నింపాదిగా గేటు వైపు పోతోంది. గేటు బార్లా తెరిచి ఉంది. గేటు దాటితే రోడ్డులోకి వాలు, ఆ రోడ్డు మీద ఆదివారమని కూడా చూడకుండా పరుగెత్తే ఉప్పల్ ఆటోలు.

ఆ కారు సంగతి చెప్పకుండా ముందుకు వెళ్తే ఈ కథ ఎవరికీ అర్థం కాదు.

మేం ఇంజినీరింగ్ చదివే రోజుల్లో అలాంటి కారు కాలేజీ ముందు నుంచి పోతే మగపిల్లలంతా మాట మధ్యలో ఆపేసేవాళ్లు. అలా ఆగిపోయినవాళ్లలో ఒకణ్ణి నేను పెళ్లి చేసుకున్నాను. ఇద్దరు పిల్లలు పుట్టి, నాచారంలో ఉద్యోగం కుదురుకున్నాక, ఆయన ఆ కారునే, పాతదాన్ని, వెతికి వెతికి కొనుక్కున్నాడు. వయసు మీద పడినా ఇంజిన్‌కు పొగరు తగ్గలేదు. వెనక బ్రేకులు మాత్రం పాతకాలం డ్రమ్ములు.

ఒక సాయంత్రం లాలాపేట్ ఫ్లైఓవర్ దిగుతుంటే ముందున్న ఆటో ఒక సవారీ కోసం టక్కున ఆగింది. మా ఆయన బ్రేక్ తొక్కాడు. కారు ఆగింది కానీ వెనక భాగం ఒక ఊపు ఊగి పక్కకు పోయింది. పిల్లలు "మళ్లీ మళ్లీ" అని కేరింతలు కొట్టారు. ఇంటికొచ్చాక నేను ఒకే మాట అన్నాను. "బ్రేకులన్నా మార్చు, బండన్నా అమ్ము."

అమ్మమంటే అన్నం మానేస్తాడు కానీ, మార్చమంటే ఆయనకు పండగే. నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక మెకానిక్ షెడ్డు పట్టాడు. నేను కూడా ఒకసారి వెళ్లాను, నా అనుమానాలన్నీ వెంటబెట్టుకుని. మెకానిక్ నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి టీ తెప్పించి, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు.

"డ్రమ్ముల లోపట పట్టీలుంటయి వదినా. బయటికి ఒత్తుకోని ఆపుతయి. వేడెక్కితే పట్టు ఇడుస్తయి. డిస్కంటే ఇనుప పళ్లెం. దాన్ని రెండు దిక్కులకెల్లి పట్టకారు లెక్క పట్టుకుంటది. మీది బండి గాదు, గుర్రం. గుర్రానికి కళ్లెం మంచిగుండాలె."

అదే కంపెనీ పెద్ద మోడల్‌కు వచ్చే వెనక డిస్కులు తెచ్చి బిగించాడు. ఆ పట్టకారుకు ఎర్ర రంగు కూడా వేశారు. చక్రం సందుల్లోంచి అది కనబడుతుందట. చూసేదెవరని అడిగితే, "తెలిసినోళ్లు సూస్తరు" అన్నాడు మా ఆయన.

శనివారం సాయంత్రం కారు ఇంటికొచ్చింది. ఆదివారం పొద్దున్నే చెంగిచెర్ల నుంచి మా అత్తమ్మ వచ్చింది. ఇంత పని చేయించుకున్న బండికి పూజ చేయకుండా పిల్లల్ని ఎక్కించేది లేదంది. అపార్ట్‌మెంట్ కింద పార్కింగ్‌లో బండిని గేటు వైపు తిప్పి నిలబెట్టాం. టైర్ల ముందు నిమ్మకాయలు పెట్టాం. కొబ్బరికాయ కొట్టాం. అత్తమ్మ బానెట్‌కు బొట్లు పెట్టి, పసుపు గిన్నె పట్టుకుని వెనక చక్రం దగ్గర కూర్చుంది. కొత్తవి అవే కదా.

"అమ్మా! డిస్కు మీద పసుపు రాయకు! జారుతది!" అని మా ఆయన అరిచాడు.

"దేవుని పసుపుకు జారే బ్రేకేందిరా? గసుంటిదానికి గన్ని పైసలు పెట్టినవా?"

"అమ్మా, రంగు మీద రాయి, పళ్లెం మీద వద్దు."

"సరే తియ్యి. నువ్వు పొయ్యి మంచి అంగి తొడుక్కోని రా. పూజ జేసిన బండిని నిక్కరు మీద నడుపుతవా?"

ఆయన మెట్లెక్కి పోయాడు. మొదటి సవారీ మాదేనని పిల్లలు అప్పుడే వెనక తలుపు పట్టుకుని వేలాడుతున్నారు. అంతలో రెండో అంతస్తు అంకుల్ హెల్మెట్, సంచీ పట్టుకుని దిగాడు. ఆయన స్కూటర్ పక్క గోడకూ మా కారు మూతికీ మధ్య ఇరుక్కుని ఉంది.

"ఏందమ్మా, పండుగనా? జర బండి ఎనకకు జరుపుండ్రి. మటన్ కాడ లైన్ పెరుగుతది."

మా పార్కింగ్‌లో ఇళ్లెక్కువ, జాగా తక్కువ. అందుకని ఎవరి బండైనా అడ్డంగా పెట్టాల్సివస్తే గేర్ తీసేసి వెళ్లాలన్నది ఇక్కడి కట్టుబాటు. పక్కవాళ్లు తోసుకుని తమ బండి తీసుకుంటారు. గేర్‌లో పెట్టి వెళ్లినవాణ్ణి వారం రోజులు తిట్టుకుంటారు. అంకుల్ చెయ్యేసి తోశాడు. కారు కదల్లేదు.

"గేర్ల పెట్టిపోయిండా మీ ఆయన? గీ బిల్డింగ్‌ల గిట్ల జేస్తరా ఎవలన్న?"

నాకు తల కొట్టేసినట్టయింది. తలుపు తీసి, వంగి, గేర్ తీశాను. ఇద్దరం కలిసి కారును కొంచెం వెనక్కి తోశాం. అంకుల్ స్కూటర్ బయటపడింది. గేర్ లేని బండిలో పిల్లలు ఎక్కుతారని నేను జాగ్రత్తగా హ్యాండ్‌బ్రేక్ పైకి లాగాను. ఎప్పటికంటే చాలా తేలిగ్గా వచ్చింది. కొత్త సామాను కదా, మెత్తగానే ఉంటుందిలే అనుకున్నాను. పిల్లలు ఎక్కారు. నేను హారతి పళ్లెం కోసం వంగాను. నీళ్లు పోయేందుకు మా పార్కింగ్ నేల గేటు వైపు కాస్త వాలుగానే ఉంటుంది. వాళ్లు వెనక సీటు మీద దుంకడం మొదలుపెట్టారు. అప్పుడు నిమ్మకాయ చితికింది.

పళ్లెం ఎక్కడ పడిందో తెలియదు. చెప్పు ఒకటి ఊడింది. పక్కనే పరుగెత్తి డ్రైవర్ తలుపు తీశాను. ఎక్కి కూర్చునే వ్యవధి లేదు. సీటు మీదుగా లోపలికి పడి, స్టీరింగ్ కిందికి తల దూర్చి, బ్రేకును రెండు అరచేతులతో నేలకు నొక్కాను.

ఆగింది. కొంచెం కొంచెంగా కాదు, గోడకు తగిలినట్టు ఆగింది. నా నుదురు ఎక్కడో కొట్టుకుంది. వెనక నుంచి మా బాబు "మమ్మీ, మళ్లీ!" అన్నాడు.

గేటుకు ఇంకో మూర దూరం ఉందేమో. అంకుల్ హెల్మెట్ పారేసి గోడ పక్కనున్న రాయి తెచ్చి టైరు కింద పెట్టాడు. అది చాలదని అత్తమ్మ పూజ పీట తెచ్చి ఇంకో టైరు కింద దూర్చింది.

"ఇడువు బిడ్డా, రాయి పెట్టినం."

"ఇడువను."

"పీట సుత పెట్టిన!"

"ఇడువనంటే ఇడువను అత్తమ్మా. ముందు పిల్లల్ని దింపుండ్రి."

దింపారు. అయినా వదల్లేదు. మా ఆయన తెల్లచొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చేసరికి కారులోంచి నా రెండు కాళ్లు బయటికి ఉన్నాయి. అవతలి తలుపు నుంచి ఎక్కి గేర్ వేశాడు. "ఇగ తియ్యి, గేర్లున్నది" అని మెల్లగా అన్నాడు. అప్పుడు చేతులు తీశాను. తీసి అరచేత్తో కళ్లు తుడుచుకున్నాను.

"హ్యాండ్‌బ్రేక్ ఏసిన," అన్నాను. "ఏసిననే."

ఆయన చొక్కా గుండీ వైపు చూశాడు. "దానికి కేబుల్ లేదు. పాత కేబుల్ కొత్త బ్రేకుకు అందలే. ఇంకోటి బుధవారం వస్తదన్నడు. అందుకే గేర్ల పెట్టిన."

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తే బండిని గేటు లోపటికే రానియ్యవు గదా. నీ ఫికర్ నాకెరుకలేదా."

అత్తమ్మ ఆయన భుజం మీద ఒక్కటి వేసింది. "ఎడ్లబండిని ఇప్పి నిలబెడితే సుత చక్రం కింద మొద్దు పెడుతుంటిమి కదరా! గాడిదలెక్క చదివినవు!"

మెకానిక్‌కు ఫోన్ చేసింది నేనే, స్పీకర్ పెట్టి. అందరికీ వినబడాలని.

"తప్పైంది వదినా. గేర్లనే పెట్టుమని అన్నకు పది మాట్ల చెప్పిన. ఇంట్ల గూడ చెప్పుమన్న." తర్వాత ఉండబట్టలేక అడిగాడు. "అది గాదు గానీ వదినా... బ్రేక్ ఎట్ల పట్టింది?"

"చేత్తో ఒత్తితే ఆగింది."

"చేత్తోనా! సూసినవా మరి!"

అంత కోపంలోనూ నాకు నవ్వొచ్చింది. నెలల తరబడి మా ఆయన కలలుగన్న బ్రేకుల్ని ఇంటి గేటు దగ్గర పరీక్ష చేసింది నేను, అదీ ఒంటి చెప్పుతో.

అంకుల్ మటన్ తీసుకొచ్చేటప్పుడు మాకూ అరకిలో తెచ్చాడు. "నేను బండి జరపమనకపోతే గిదంత కాకపోవు" అని సణుక్కుంటూ గుమ్మంలో ఇచ్చి పోయాడు. మధ్యాహ్నం తింటున్నప్పుడు పిల్లలకు ఎవరికి తోచింది వాళ్లు చెప్పారు. దేవుడే బండిని ఆపాడని నానమ్మ. అది టెస్టింగని వాళ్ల నాన్న. తాను దుంకితేనే కారు నడిచిందని మా బాబు ధీమా, ఇంకోసారి దుంకి చూపిస్తానని కూడా. పాప మాత్రం పడుకునే ముందు నా నుదుటి మీది బొప్పిని వేలితో తాకి, "మమ్మీ, నువ్వు ఏడ్చినవా?" అంది.

"లేదురా, కండ్లల్ల దుమ్ము పడ్డది" అన్నాను.

అన్న తర్వాత నిద్ర పట్టలేదు. మా ఇంట్లో గ్యాస్ ఆపానో లేదో రెండుసార్లు చూసుకునేది నేనే. పిల్లలు తుమ్మితే దవాఖానాకు పోదామనేదీ నేనే. అందుకే అందరూ నాకు ఏ సంగతైనా వడపోసి చెబుతారు. నేను భయపడతానని ఆయన కేబుల్ సంగతి దాచాడు. దాచాడు కాబట్టే నేను గేర్ తీశాను. ఇప్పుడు పాప భయపడుతుందని నేనూ అదే పని చేస్తున్నాను.

పొద్దున స్కూలుకు కొత్త బ్రేకుల మీద దింపుతానని ఆయన పిల్లలకు మాటిచ్చి ఉన్నాడు. లేచి చూస్తే తానే నాలుగు టైర్లకూ రాళ్లు పెట్టి, ఆఫీసుకని బైక్ బయటికి తీసి తుడుస్తున్నాడు. కేబుల్ పడేదాకా కారు కదలదని నేను చెప్పాల్సిన పని లేకపోయింది. స్కూల్ ఆటో ఇంకా రాలేదు. పిల్లల్ని మెట్ల మీద కూర్చోబెట్టి బూట్ల లేసులు కట్టాను. బాబు రాళ్ల వైపు చూసి, "నేను దుంకుతనని పెట్టిండ్రా?" అన్నాడు. ఆ మాటతోనే మొదలుపెట్టాను.

"నువ్వు దుంకుడు గూడ కొంత ఉన్నది. కానీ అసలుది గది గాదు. ఉరికే బండిని ఆపే బ్రేక్ కొత్తది, మస్తుగున్నది. నిలబడ్డ బండిని పట్టి ఉంచే బ్రేక్‌కు మాత్రం ఇంక తీగ పడలే. అది డాడీకి ఎరుక, నాకు తెల్వదు. తెలిస్తే గేర్ తియ్యకపోదును. నిన్న నేను ఏడ్చిన, దుమ్ము గాదు. మస్తు భయమైంది. ఇగ చూడుండ్రి, మీకేదన్న భయమయ్యే ముచ్చటుంటే నాకే ముందు చెప్పాలె. మమ్మీ పరేషాన్ అయితదని దాచొద్దు. అయితే అయిత. పరేషాన్ అయ్యే కదా, నిన్న ఉరికొచ్చి పట్టుకున్న."