గడియారం సెంటర్లో కుసుమకుమారి

కుసుమకుమారికి ఉన్న జబ్బు ఒక్కటే: కాస్త ఖాళీ జాగా కనబడితే చాలు, చతికిలబడిపోతుంది. అది బజారా, రోడ్డా, పదిమందీ చూస్తున్నారా, ఏమీ పట్టదు. "అమ్మో, నా కాళ్ళు!" అనడం, కూలబడడం.

షార్జాలో కుసుమ పనిచేసే అరబ్బీల విల్లాలోనే వంట చేసే బేబమ్మకి ఇదే మింగుడుపడదు. అరవై దాటినా బేబమ్మ పరాయివాళ్ళ ముందు నేల మీద కూర్చుని ఎరగదు. అంత పరువు మనిషి. ఈ కుసుమేమో ఇంట్లో బట్టల బుట్ట ఎత్తుకుని మేడమెట్లు మేకపిల్లలా ఎక్కేస్తుంది. పెద్ద మామాకి, అంటే యజమాని తల్లికి, తోడుగా గడప దాటిందా, ఇక అంతే! డేరా బజార్లో బంగారం కొట్టు ముందు అడ్డంగా కూర్చుంది. అబ్రా పడవలెక్కే రేవులో కూర్చుంటే, ఎవరో పోయారనుకుని పడవవాడు పడవే ఆపేశాడు.

"ఒసేయ్, నీకు సిగ్గు లేదటే?"

"కాళ్ళకి సిగ్గేంటి బేబక్కా, నొప్పి గానీ!"

కరోనా బంద్‌లన్నీ తీసేశాక, వేసవి సెలవులకి యజమాని ఇంటిల్లిపాదినీ పనివాళ్ళతో సహా యూరప్‌లో ప్రాగ్ అనే ఊరు తీసుకెళ్ళాడు. ఆయన్ని వీళ్ళు బాబా అంటారు. పాత ఊరు చూపిస్తానంటే పాడుబడ్డ కొంపలనుకుంది బేబమ్మ. తీరా చూస్తే రంగురంగుల మేడలు, మధ్యలో రాళ్ళు పరిచిన ఇంతేసి సెంటర్లు! బస్సు లేదు, ఆటో లేదు. జనం ఊరికే నిలబడి గోడల వంక చూస్తున్నారు. బేబమ్మ తెరిచిన నోరు మూయలేదు.

"ఏమే, వీళ్ళకి పనీపాటా లేదా?"

జవాబు చెప్పడానికి కుసుమ పక్కన లేదు. విగ్రహం మెట్ల మీద కూలబడి ఉంది.

"యల్లా, యల్లా!" అని తొందరపెడుతూ, ఫోన్లో మ్యాపు చూసుకుంటూ బాబా ముందు నడుస్తున్నాడు. ఒక సెంటరు దాటితే ఇంకో సెంటరు. ప్రతి సెంటర్లోనూ కుసుమ ధబ్బుమంది. చర్చి గుమ్మంలో కూర్చున్నప్పుడైతే, పాపం అనుకుని ఒక దొరసాని దాని ఒళ్ళో నాణెం వేసి పోయింది.

"చచ్చాం! దేశం కాని దేశంలో ముష్టి కూడా ఎత్తించావు కదే!"

బాబాకి చిర్రెత్తింది. "ఇంకొక్కసారి కూర్చుందా, ఖలాస్! పనిలోంచి తీసేసి ఇండియా పంపించేస్తా!" అని హిందీలో అరిచి, పిల్లల్ని తీసుకుని ముందుకెళ్ళిపోయాడు.

"లేవవే!" అని బేబమ్మ రెక్క పట్టి లాగింది. కుసుమ బంతిలా లేచింది. దాని పక్కన కూర్చున్న పెద్ద మామా మాత్రం లేవలేకపోయింది. గోడ పట్టుకుంది. నల్ల బురఖా అంచు వణికిపోతోంది. బేబమ్మ బాబాని కేకేయబోయింది.

"అరవకు బేబక్కా! ఆవిడ మోకాళ్ళు అరిగిపోయాయి. కొడుక్కి తెలిస్తే హోటల్ గదిలో కూర్చోబెట్టేస్తాడు. గంట కొడితే గడియారంలోంచి బొమ్మలు వస్తాయంట, చిన్నపిల్లలా ముచ్చటపడుతోంది."

"మరి డేరాలో?"

"అక్కడా ఇంతే. నేను కూలబడితే ఆ వంకన ఆవిడా కాస్త కూర్చుంటుంది."

"ఇంకోసారి కూర్చుంటే నీ పని పోద్ది కదే!"

"పోద్ది. ఏం చెయ్యమంటావు?"

గడియారం సెంటరు వచ్చింది. బాబా, పిల్లలూ అక్కడ ఆగి ఉన్నారు. గడియారం ఇంకా ఆ చివర ఉంది. పెద్ద మామా అడుగు తడబడింది, మొహం పాలిపోయింది. కుసుమ బాబా వంక భయంగా చూసి, మోకాళ్ళు సగం వంచింది.

ధబ్!

కూర్చున్నది బేబమ్మ. నడి సెంటర్లో, కాళ్ళు బారజాపుకుని!

"అయ్యబాబోయ్ నా నడుము! ఇక లేవను. వంటమనిషిని పంపించేసి బిర్యానీ ఎవరిచేత వండించుకుంటారో నేనూ చూస్తా!"

"అల్‌హందులిల్లా" అని దేవుణ్ణి తలుచుకుంటూ పెద్ద మామా పక్కనే చతికిలబడింది. ఆ వెనకే కుసుమ. బాబా నెత్తి కొట్టుకున్నాడు.

"నీకూ అంటుకుందా ఈ జబ్బు?"

అటూ ఇటూ చూశాడు. ఎవరూ చూడట్లేదనుకున్నాక, మెల్లిగా తల్లి పక్కన కూర్చుని కొత్త బూట్లు విప్పాడు. రెండు మడమలకీ నిమ్మకాయంత బొబ్బలు!

"బొమ్మలు రావడానికి ఇంకా టైముంది" అన్నాడు బాబా. "ఎవరూ లేవకండి."