సముద్రం వాళ్ళను సిరిసిల్లకు పిలిపించిన సంగతి

జగిత్యాలలో ఫ్లెక్సీలు అచ్చువేసే దుకాణం నాది. పాస్‌పోర్టు సైజు ముఖాన్ని పన్నెండడుగులకు పెంచి చౌరస్తాలో నిలబెట్టడం నా వృత్తి. ఇన్నేళ్ళుగా అదే పని చేస్తుంటే ఆ అలవాటు చేతి నుంచి నోటికి పాకింది. నేను అబద్ధం చెప్పను. ఉన్నదాన్నే కొంచెం పెంచి చెబుతాను, రంగులు కూడా మార్చను. మా బావ తెడ్డు బీరువాలో పడి తాళం వేయించుకోవడానికి నా ఈ గుణమే కారణం.

బావంటే సొంత బావ కాదు, పిలుపుకు బావ. సిరిసిల్ల దగ్గర ముంపు కాలనీలో ఉంటాడు. ఒకప్పుడు కల్లు గీసేవాడు. మానేరు మీద కొత్త డ్యాం కట్టాక అతని ఊరూ, అతను రోజూ ఎక్కిన తాటిచెట్లూ నీళ్ళ కిందికి పోయాయి. ఇప్పుడు ట్రాలీ ఆటో నడుపుతాడు. ఆదివారం వచ్చిందంటే కయాక్ వేసుకుని ఆ నీళ్ళ మీదికే పోతాడు. కయాక్ అంటే ఒక్క మనిషి కూర్చునే ప్లాస్టిక్ పడవ. రెండు కొసలా రెక్కలున్న తెడ్డుతో నడపాలి. అలాంటివి మాకు మూడున్నాయి. ఒకటి బావది, ఒకటి నాది, మూడోది కోరుట్లలో కూలర్లు బాగుచేసే భాయ్‌ది. ముగ్గురం గాలాలు పట్టుకుని పొద్దున్నే దిగుతాం. ఎక్కడ ఏ చేప ఉంటుందో చెప్పేది మాత్రం బావే. నీటి మీద ఒక ఎండిన తాటి మోడు తల కనబడితే చాలు, ఆగిపోతాడు.

"గీ చెట్టు కల్లు మస్తు తియ్యగుంటుండె బావా. దీనికాడ కొర్రమట్టలే ఉంటయ్, ఎయ్యి గాలం."

వేస్తే నిజంగానే కొర్రమట్ట పడేది. చేపకూ కల్లుకూ ఏం సంబంధమో నేను అడగలేదు.

ఒక్క విషయంలో బావ మాలాంటివాడు కాదు. పడవెక్కగానే మోకు తీస్తాడు. తాటిచెట్టు ఎక్కేటప్పుడు గీతగాళ్ళు నడుముకూ చెట్టుకూ కలిపి వేసుకునే తాడు అది. దాంతో తనను తాను సీటుకు బిగించి కట్టుకుంటాడు.

"ఏంది బావా, పడవ నిన్ను ఇడిశిపెట్టి పారిపోతదా?" అన్నాను మొదట్లో.

"ఇరవై ఏండ్లు గీ మోకే నన్ను కింద పడనియ్యలే. గీడ పడనిస్తదా?"

నాకూ నిజమే అనిపించింది.

ఒక ఆదివారం బావ గాలానికి పెద్ద వాలుగ, అదే మీసాల చేప, తగిలింది. బావ గుంజాడు, అది గుంజింది, పడవ బోర్లాపడింది. కట్టుకుని ఉన్నాడు కాబట్టి బావ పడవను వదల్లేదు. పడవ కింద తలకిందులుగా, కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉండిపోయాడు. పైకి పడవ అడుగు మాత్రం నున్నగా కనబడుతోంది. ఈత మా ముగ్గురికీ వచ్చు, బావుల్లో నేర్చుకున్నదే. కానీ సీటుకు కట్టేసి ఉన్నవాడికి ఈత ఏం పనికొస్తుంది? నాకు నోట మాట రాలేదు, నా జీవితంలో అది మొదటిసారి. భాయ్ మాత్రం ఒక్క దూకు దూకి, అంచు పట్టుకుని, బలమంతా పెట్టి పడవను తిప్పేశాడు. దాంతోపాటు బావా తిరిగి పైకొచ్చాడు. నోట్లో నీళ్ళు, చేతిలో గాలం కర్ర. దగ్గు ఆగగానే అతను అన్న మొదటి మాట ఇది:

"చూసిండ్రా? మోకు లేకుంటె పోతుంటి!"

భాయ్ నెత్తి కొట్టుకున్నాడు. "అరె యార్, మోకుండబట్టే పోతుంటివి!"

"పడవ మీదికొచ్చింది, దాని ఎంబడి నేనొచ్చిన. మోకు లేకుంటె ఎట్లొస్తుంటి, చెప్పు?"

పక్కన ఇంకొకడు ఉండి తిప్పాడు కాబట్టి వచ్చావని చెబితే వినే స్థితిలో లేడు. ఒంటరిగా వచ్చిన రోజు ఇలా అయితే ఏమవుతుందో మా ఇద్దరికీ తెలిసింది. అతనికి తెలియలేదు.

ఆ సంగతి అంతటితో ఆగేదే. బావ ఇంటికి పోయి చాయ్ తాగకపోయి ఉంటే ఆగేదే. బావ నీళ్ళ కింద ఉన్నది రెండు ఊపిరుల సేపు. చాయ్ గ్లాసు చేతికొచ్చి, బావ భార్య ఎదురుగా కూర్చునేసరికి అది ఒక పూట అయింది. ఆమె నాకు చెల్లె వరస.

"ఇగ చూడు చెల్లె, మీ ఆయినె లోపల్నే ఉన్నడు, ఉన్నడు, ఉన్నడు. చేపలన్ని కూడినయ్. ఒక వాలుగయితె మొకంల మొకం పెట్టి చూసింది. మీసాలు చూసి మా సుట్టమే అనుకొని పోయింది!"

భాయ్ నా కాలు తొక్కాడు. అప్పటికే ఆలస్యమైంది. చెల్లె నవ్వలేదు. లేచి వాకిట్లోకి పోయి తెడ్డు తెచ్చింది. దాన్ని రెండు ముక్కలుగా విడదీసి, బీరువాలో పట్టుచీరల మధ్య పెట్టి, తాళంచెవి కొంగుకు ముడేసుకుంది.

"నీళ్ళు తెల్సినోళ్ళు నా ముంగటికొచ్చి, నీ మొగడు నీళ్ళల్ల పోడని చెప్పాలె. అప్పుడిస్త."

"మేమిద్దరం చెప్తలేమా చెల్లె?"

"మీరా? మీకు తెల్సినయి చాయ్‌నీళ్ళు అన్నా."

తర్వాతి రెండు ఆదివారాలు బావ మాతో ఒడ్డు దాకా వచ్చాడు. చేప పడని రోజు కూడా నీళ్ళ మీద ఉంటే చాలు, అతని మొహం వెలుగుతూ ఉండేది. అలాంటివాడు నీళ్ళకు వీపు పెట్టి కూర్చుని రోడ్డు మీద పోయే లారీలను చూశాడు. భాయ్ నాతో అన్నాడు, "నీ నోటితోని పోగొట్టినవ్, నీ నోటితోనే తెచ్చియ్యి."

సరే, నీళ్ళు తెలిసినవాళ్ళ కోసం వెతికాను. విశాఖలో ఒక క్లబ్ వాళ్ళ వీడియోలు ఫోనులో కనబడ్డాయి. చేపలు పట్టరు, పందాలు పెట్టుకోరు. సెలవురోజు సముద్రంలోకి కయాక్‌లు తోసుకుపోయి, సరదాగా తిరిగి వస్తారు. సముద్రం మీద తిరిగేవాళ్ళ కంటే నీళ్ళు తెలిసినవాళ్ళు ఎవరుంటారు? వాళ్ళకు ఒక ఉత్తరం లాంటి మెసేజ్ పెట్టాను. మాది గాలం కయాక్‌ల సంఘమనీ, సభ్యులం నలభైమందిమనీ రాశాను. ఇక్కడి వాలుగ గాలానికి పడితే పడవను ఎంత దూరం లాక్కుపోతుందంటే, మొన్నొకసారి కూర్చున్నచోటు నుంచి లేవకుండా వేములవాడ పోయి దర్శనం చేసుకుని వచ్చామన్నాను. మా దగ్గర అలలు తాటిచెట్ల తలల మీది నుంచి పోతాయని కూడా రాశాను. ఇది పూర్తిగా నిజం, ఆ చెట్లు మునిగే ఉన్నాయి. చివర ఇలా ముగించాను: "మీకు సముద్రం ఉంది, చేప జాడ తెలియదు. మాకు చేప జాడ తెలుసు, సముద్రం లేదు. మనం వియ్యం అందుకుంటే బాగుంటుంది."

క్లబ్ నడిపే మేడం నుంచి జవాబు వచ్చింది. "వేములవాడ సంగతి తర్వాత చూద్దామండీ. పడవ తిరగబడితే మీ వాళ్ళు తమంతట తాము మళ్ళీ ఎక్కగలరా?"

"కళ్ళు మూసుకుని ఎక్కుతారు" అని కొట్టాను.

నమ్మారో, నమ్మక చూడాలనుకున్నారో, నిజంగానే వచ్చారు. బండి పైన సన్నటి పొడుగాటి పడవలు చెరుకు గడల్లా కట్టుకుని ఐదుగురు దిగారు. మేడం బ్యాంకులో పనిచేస్తుందట. పొట్టి మనిషి, ఉప్పుగాలికి కమిలిన ముక్కు. దిగగానే చుట్టూ చూసింది.

"నలభైమంది ఏరండీ?"

"ముప్పైయేడు మంది కొండగట్టు పోయిన్రు మేడం. మొక్కున్నది."

"అందరికీ ఒకేసారా?"

"అంజన్న కాడ అందరిది ఒకటే లైను మేడం."

ఆమె ఒడ్డున ఉన్న మా మూడు పడవలను లెక్కపెట్టి, "సరే, మిగిలిన ముగ్గురూ నీళ్ళలోకి రండి" అంది.

ఒడ్డున చెల్లె నిలబడి ఉంది. తెడ్డు ముక్కలు పాత చీరలో చుట్టి చంకలో పెట్టుకుని వచ్చింది. పరీక్షకు కూడా ఇవ్వనంది. ఆమె షరతు సంగతి భాయ్ ఉన్నదున్నట్టు చెబితే, మేడమే తన దగ్గరున్న ఇంకో తెడ్డు బావకిచ్చింది.

పరీక్ష ఇదీ: లైఫ్ జాకెట్ వేసుకుని, లోతు నీళ్ళలో ఎవరి పడవను వాళ్ళే బోర్లా వేసుకుని, తిరిగి ఎక్కాలి. మొదట నన్ను పిలిచారు. పడడం అద్భుతంగా పడ్డాను. ఎక్కడంలోనే తేడా వచ్చింది. నేను ఈ వైపు ఎక్కితే పడవ ఆ వైపు దిగింది. నేను ఆ వైపు పోతే అది ఈ వైపు వచ్చింది. చివరికి ఇద్దరు నన్ను జాకెట్ పట్టుకుని సిమెంటు బస్తాను లాగినట్టు లాగారు.

"కళ్ళు మూసుకుని ఎక్కుతారన్నారు కదండీ?"

"కండ్లు మూసుకోలే మేడం, గందుకే గిట్లయింది."

భాయ్ మూడో ప్రయత్నంలో ఎక్కి, అల్లాకు దండం పెట్టుకున్నాడు. ఇక బావ వంతు. బావ పడవలో కూర్చుని, అలవాటుగా మోకు తీసి, నడుముకూ సీటుకూ బిగించాడు.

"అది విప్పేయండి" అంది మేడం.

"ఇప్ప."

"తిరగబడితే మీరు పడవ కింద ఉండిపోతారండీ."

"మొన్న ఉన్న. గీ మోకే మీదికి తెచ్చింది."

నేను మధ్యలో నోరు తెరవబోతే ఒడ్డు నుంచి చెల్లె, "అన్నా, నువ్వు ఊకో" అంది. ఊరుకున్నాను. మేడం తన పడవను బావ పడవ పక్కకు తెచ్చి ఆపింది. కోపగించుకోలేదు. అతని చేతులను, మోకాళ్ళను, ఆ తాడును పరీక్షగా చూసింది.

"చెట్టెక్కేవారా?"

"ఇరవై ఏండ్లెక్కిన."

"ఎప్పుడైనా మీరు పైన ఉండగా చెట్టు విరిగిందాండీ?"

"ఒక్కపారి. గాలిదుమారం లేశింది. సగం దిగిన, అప్పుడే మొదట్ల పటపటమన్నది."

"ఏం చేశారు?"

"మోకు ఇప్పిన, దుంకిన. ఇప్పకుంటె చెట్టు కిందనే ఉంటుంటి."

"ఈ పడవ ఎప్పుడూ విరుగుతున్న చెట్టేనండీ."

బావ నీళ్ళలోకి చూశాడు. ఆ తర్వాత ఒడ్డు వైపు చూశాడు. ముడి విప్పాడు. మేడం ఆ మోకును తన పడవలో ఒడ్డుకు చేరవేస్తే చెల్లె రెండు చేతులా అందుకుంది. తెడ్డు ఒక చంకలో, మోకు ఇంకో చంకలో పెట్టుకుని మోకాళ్ళ లోతుకు దిగి నిలబడింది.

బావ పక్కకు ఒరిగాడు. పడవ తిరిగింది. ఈసారి పడవ ఒకచోట, బావ ఇంకోచోట తేలారు. పడవను వెల్లకిలా తిప్పాడు. నాలాగే పక్క నుంచి ఎక్కబోయి జారాడు. మళ్ళీ జారాడు. మూడోసారి ఊపిరి తీసుకుంటూ పడవను ఈ కొస నుంచి ఆ కొస దాకా చూశాడు. తోక వైపుకు ఈదాడు. దాన్ని రెండు చేతులా కౌగిలించుకుని, తొడలతో బిగించి పట్టి, ఒళ్ళు ముడిచి చాపి, ముడిచి చాపి, చూస్తుండగానే పైకి పాకి సీట్లో కూర్చున్నాడు.

"ఎక్కడ నేర్చుకున్నారండీ ఇది?" మేడం గొంతు మారింది.

"ఏం లేదు మేడం. గిది పండుకున్న తాడిచెట్టు."

ఆ ఐదుగురిలో ఇద్దరికి ఇలా వెనక నుంచి ఎక్కడం నెలల తరబడి రాలేదట. వాళ్ళు అక్కడికక్కడే బావ శిష్యులయ్యారు. "తొడలతోని పట్టాలె సార్, చేతులతోని కాదు" అని విశాఖ వాళ్ళకు బావ చెబుతుంటే, నేను ఆ నీళ్ళలోనే పన్నెండడుగుల ఫ్లెక్సీ ఊహించుకున్నాను. మధ్యాహ్నం దాకా వాళ్ళు మాకు గాలి వాటం చూడడం, ఒకరు పడితే పక్కవాడు తన పడవను ఆనించి నిలపడం నేర్పారు. మేము వాళ్ళకు గాలం వేయడం నేర్పాం. తియ్యటి కల్లు చెట్టు దగ్గర ఒకాయనకు కొర్రమట్ట పడింది. సముద్రంలో తిరిగే ఆ మనిషి భయపడి కేక పెట్టాడు.

చివరికి మేడం ఒడ్డుకు వచ్చి చెల్లె ముందు నిలబడింది. "మీ ఆయన పడతారమ్మా. మేమూ పడతాం. కానీ ఆయన మళ్ళీ ఎక్కుతారు. తాడు లేకుండా, ఒంటరిగా ఉన్నా ఎక్కుతారు."

చెల్లె తల ఊపింది, కానీ తెడ్డు ఇవ్వలేదు. "నా కండ్ల ముంగట ఇంకోపారి పడు" అంది మొగుడితో.

బావ పడ్డాడు, ఎక్కాడు.

"ఇంకోపారి."

మళ్ళీ పడ్డాడు. ఆరోసారికి బావ ఆయాసంతో, "కడుపుల మానేరంత పోయిందే, ఇగ సాలు" అన్నాడు. అప్పుడు చీర మడతలు విప్పింది. రెండు ముక్కలను తనే కలిపి, బిగించి చూసి, తెడ్డు అతని చేతికిచ్చింది. మోకు మాత్రం ఇవ్వలేదు. అడిగే ధైర్యం బావకు లేదు.

"పో" అంది. "గా మోడు దాక పోయి రా. చూస్త."

బావ పోయాడు. సన్నగా అలలున్నాయి. నాలుగు తెడ్లు వేసేసరికి అతని ఎడమ చెయ్యి నడుము దగ్గరికి పోయింది, లేని ముడిని తడిమింది. పడవ కొంచెం ఒరిగింది. ఇంకో నాలుగు తెడ్లకు ఆ చెయ్యి మళ్ళీ అక్కడికే పోయింది. చెల్లె ఇంకో అడుగు లోతుకు దిగి, మానేరంతా మోగేలా అరిచింది:

"చెయ్యి నడుం మీదికెల్లి తియ్! తెడ్డు మీద పెట్టు!"