ఆ కీబోర్డును పాడుచేసింది చాయ్ కాదు

మీరు నన్ను ఎరగరు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. ఆరేళ్ళ కింద, మా అన్నకు ప్రాణంలా ఉన్న ఒక వస్తువును నేను కావాలని పాడుచేశాను. అది తన వల్లనే పాడైందని అన్న అనుకున్నాడు. అనుకోనిచ్చాను. అప్పటి నుంచి రోజుకు మూడు పూటలా అన్నకు ముద్దలు కలిపి తినిపిస్తూనే ఉన్నాను. ఈ ఒక్క మాట మాత్రం మొన్నటిదాకా నా నోట్లోంచి రాలేదు.

ఇంత చిన్న విషయమా అనిపిస్తుందేమో మీకు. నేనూ చాలాసార్లు అలాగే సర్దిచెప్పుకున్నాను. మనిషి ప్రాణం తీయలేదు కదా, ఎవరి కడుపూ కొట్టలేదు కదా అని. మరి ఎవరైనా నన్ను మెచ్చుకున్నప్పుడల్లా, బయట గొళ్ళెం పెట్టిన గదిలో నిలబడ్డట్టు నాకెందుకు ఊపిరాడదు?

మొదటి నుంచి చెప్తాను.

మాది కోరుట్ల. నాన్న నా చిన్నప్పుడే పోయాడు. అమ్మ బీడీలు చుట్టి మమ్మల్ని పెంచింది. అన్న పదో తరగతి అవ్వగానే పనుల్లో పడి, తర్వాత గల్ఫ్‌కు పోయాడు. తను పంపిన డబ్బుతోనే నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదివాను. ఇది మొదట్లోనే చెప్పాలి. చివర్లో చెప్తే నేను దాచినట్టవుతుంది.

గల్ఫ్‌లో ఒక కట్టడం దగ్గర అన్న పరంజా మీద నుంచి పడ్డాడు. మెడలో నరం నలిగింది. నాలుగు నెలల తర్వాత ఇంటికి వచ్చేనాటికి కాళ్ళు కొంచెం కొంచెంగా దారికొచ్చాయి, కర్ర ఊతంతో నడవగలిగాడు. చేతులు మాత్రం రాలేదు. వేళ్ళు లోపలికి ముడుచుకుని ఉండేవి. కుడిచేతి చూపుడువేలు, మధ్యవేలు, ఎడమచేతివి ఒకటి రెండు, ఇవి మాత్రం కాస్త కిందికీ పైకీ కదిలేవి. పట్టు లేదు. చొక్కా గుండీ పెట్టుకోలేడు, ముద్ద ఎత్తుకోలేడు.

తనతో పాటు వచ్చిన సామానులో, దుప్పటిలో చుట్టిన వీడియో గేమ్ కన్సోల్ ఒకటి ఉంది. అక్కడి పనివాళ్ళ క్యాంపు గదిలో అన్నతో ఉన్న ముగ్గురు దోస్తులు దాన్ని తనకిచ్చి పంపారు. వాళ్ళు ఇంకొకటి కొనుక్కున్నారట. సెలవు రోజు నలుగురూ ఫుట్‌బాల్ ఆట ఆడేవాళ్ళు. ఇంటికి పోయినా ఇంటర్నెట్‌లో కలిసి ఆడుదామని మాట తీసుకున్నారు. అందులో ఒకతనిది మన సారంగాపూర్.

వచ్చిన వారానికి అన్న దాన్ని నాతో టీవీకి పెట్టించుకున్నాడు. దాని రిమోట్‌ను రెండు చేతులతో గట్టిగా పట్టుకుని బొటనవేళ్ళతో ఆడాలి. ఒళ్ళో పెట్టాను. జారిపోయింది. మళ్ళీ పెట్టాను. మళ్ళీ జారింది. మూడోసారి పెట్టబోతే తల అడ్డంగా ఊపాడు. అలమారాలో పైన పెట్టెయ్యమన్నాడు.

అప్పుడు నేను ఒక ఆన్‌లైన్ సెంటర్లో దరఖాస్తులు నింపే పనిలో ఉన్నాను. రోజంతా కీబోర్డు కొడుతూ ఒకరోజు నా వేళ్ళనే చూసుకున్నాను. కీబోర్డును పట్టుకోనక్కర్లేదు. బల్ల మీద పెట్టి ఒక్క వేలితో నొక్కినా చాలు. అన్నకు రెండు మూడు వేళ్ళున్నాయి కదా.

సెంటర్లో మూల పడి ఉన్న పాత కీబోర్డు అడిగి తెచ్చుకున్నాను. రిమోట్‌ను విప్పి, ఒక్కో బటన్ కింద వెంట్రుకంత వైరు సోల్డరింగ్ చేశాను. ఆ వైర్లన్నీ ఒక చిన్న బోర్డుకు కలిపాను. ఏ కీ నొక్కారో ఆ బోర్డు చదివి, రిమోట్‌లో దానికి తగ్గ బటన్‌ను తనే నొక్కినట్టు చేయాలి. చదువులో నేర్చుకున్నది సగమే పనికొచ్చింది. మిగతాదంతా తప్పులు చేసి నేర్చుకున్నాను. రిమోట్ మీద దిక్కులు తిప్పే పుల్ల దగ్గర నెల రోజులు ఆగిపోయాను. మొదటిసారి నడిపినప్పుడు మా ఆటగాడు బంతిని వదిలేసి కుడివైపుకే పరుగెత్తి, గీత దాటి, అక్కడే అడ్డగోడను గుద్దుకుంటూ పరుగెత్తుతూనే ఉన్నాడు. అన్న నవ్వాడు. వచ్చిన తర్వాత అదే మొదటి నవ్వు. అమ్మ బీడీల చాట పక్కన పెట్టి వచ్చి చూసింది.

వేళ్ళు జారకుండా పాత చెప్పుల రబ్బరు ముక్కలు కోసి కీల మీద అంటించాను. ఐదు నెలలు పట్టింది. పూర్తయ్యాక అన్న ప్రతి సాయంత్రం చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని దోస్తులతో ఆడేవాడు. ఓడేవాడు, తిట్టేవాడు, తిట్లు తినేవాడు. ఆ ఊపులో తినడం, నడవడం కూడా మెరుగయ్యాయి. స్టీలు గ్లాసును రెండు అరచేతుల మధ్య ఇరికించి చాయ్ తనే తాగడం మొదలుపెట్టాడు. నా బతుకులో నేను చేసిన మంచి పని ఏదైనా ఉంటే అదొక్కటే. దాన్నే నేను చంపాను.

ఎందుకు? ఈ ప్రశ్నకు ఆరేళ్ళలో నాకు నేను చాలా జవాబులు చెప్పుకున్నాను.

జరిగింది ఇది. హైదరాబాద్‌లో ఒక కంపెనీ నుంచి నాకు ఉద్యోగం వచ్చింది. సర్క్యూట్ బోర్డులు పరీక్షించే పని. పది రోజుల్లో చేరాలి. ఇంట్లో ఎలా చెప్పాలా అని రెండు రోజులు తిరిగాను. మూడో రోజు సాయంత్రం, ముందు అన్నకే చెప్దామని తన గదికి పోయాను. అన్న వీపు నా వైపు ఉంది. హెడ్‌ఫోన్‌లో ఎవరో ఏదో అడిగినట్టున్నారు. అన్న నవ్వుతూ అంటున్నాడు:

"మా చెల్లె ఉన్నది గదా. అది యాడికి పోతది? నాకు తినవెట్టాలె, గీ కీబోర్డు చూస్కోవాలె. దాని జిందగీ గిదే ఇగ."

గుమ్మం దగ్గరి నుంచే తిరిగి వచ్చేశాను.

మరుసటి ఉదయం అమ్మ అన్నకు స్నానం చేయిస్తోంది. నేను ఆ గదిలోకి పోయి, పాత వైఫై డబ్బా ఛార్జర్ తీసి, ఐదు వోల్టులు తీసుకునే బోర్డుకు పన్నెండు వోల్టులు ఇచ్చాను. చేయి జారి కాదు. ఎక్కడ ఇస్తే ఏం కాలుతుందో తెలిసి, సరిగ్గా అక్కడే ఇచ్చాను. చిటుక్కుమని చిన్న చప్పుడు. సన్నటి పొగ. వాసన పోవాలని రెండు అగరుబత్తీలు వెలిగించాను. నా చేతులు ఏమాత్రం వణకలేదు. అది నాకు ఇప్పటికీ భయంగా ఉంటుంది.

సాయంత్రం అన్న కీలు నొక్కాడు. ఏమీ కదల్లేదు. నన్ను పిలిచాడు. నేను విప్పి చూసినట్టు నటించాను.

"ఏమైంది చెల్లె?"

"బోర్డు కాలిపోయిందన్నా."

అన్న కాసేపు ఆ కీబోర్డునే చూశాడు. "నిన్న చాయ్ ఒలికింది గదా. నేనే ఖరాబ్ చేసిన."

నిజమే, ముందు రోజు చాయ్ ఒలికింది. బల్ల మీద కాస్త పడితే నేనే తుడిచాను. ఇప్పుడు ఆ మాటను పట్టుకున్నాను. అవునని అనలేదు, కాదని అనలేదు.

"మల్ల చేస్తవా?" అన్నాడు.

"గా బోర్డు ఇప్పుడు దొరుకుతలేదన్నా."

"పోనీ తియ్. నీ కష్టమంత నేనే బూడిద చేసిన. ఏమనుకోకు."

"ఏం కాదు" అన్నాను.

అలాంటి బోర్డే ఇంకొకటి నా బీరువాలో ఉంది. కొన్నప్పుడే రెండు తెప్పించాను. మార్చడం ఒక్క పూట పని.

ఆటలో పడి చేతుల వ్యాయామం మానేస్తున్నాడు కాబట్టి ఆపాను అని మొదటి ఏడాది అనుకున్నాను. జగిత్యాలలో వ్యాయామం చేయించే ఆయన కూడా ఒకసారి ఆట తగ్గించమన్నాడు కదా అని దానికి సాక్ష్యం తెచ్చుకున్నాను. తర్వాత, ఆ ఉద్యోగానికి పోవాలంటే తను నా మీద ఆధారపడే వస్తువు ఒకటి తగ్గాలి కదా అనుకున్నాను. అది కూడా అబద్ధమే. ఆ వస్తువు ఉన్నన్ని గంటలే అన్నకు నా అవసరం తక్కువ. అది నాకు తెలుసు. మరి? తను నవ్వుతూ ఆ మాట అన్నాడు. ఆ నవ్వును ఆపాలనుకున్నాను. అంతే. ఇంతకన్నా మంచి కారణం నా దగ్గర లేదు.

ఆ తర్వాత అన్న దోస్తులతో మాట్లాడడం మానేశాడు. ఫోన్ చెయ్యమంటే, "వట్టిగ ఫోన్ల ఏం మాట్లాడాలె? ఆడుకుంట ఉంటెనే మాటలస్తయి" అన్నాడు. మంచం దిగడం తగ్గింది. చాయ్ గ్లాసు మళ్ళీ ఎప్పుడూ తను పట్టుకోలేదు. ఒలుకుతుందని భయం. నేను తాగించాలి. నేను తాగిస్తాను. ప్రతిరోజూ పొద్దున, సాయంత్రం ఆ గ్లాసు తన పెదాలకు ఆనించినప్పుడు, ఈ భయం నేను పెట్టిందే కదా అనుకుంటాను.

అలాంటి మనిషిని వదిలి ఎలా పోతాను? చేరాల్సిన తేదీ దాటిపోయింది. 'యాడికి పోతది' అన్న మాట మీద కోపంతో చేసిన పనే నన్ను గడపలోపల కట్టేసింది.

కంపెనీ వాళ్ళు ఫోన్ చేసినప్పుడు అన్న విన్నాడు. విషయం అడిగి తెలుసుకుని ఏడ్చాడు. ఆ రోజు నుంచి ఇంటికి వచ్చిన ప్రతివాళ్ళకూ, "మా చెల్లె నా కోసం నౌకరి ఇడిసిపెట్టింది" అని చెప్పడం మొదలుపెట్టాడు. పెళ్ళిళ్ళలో ఆడవాళ్ళు నా చేయి పట్టుకుని మెచ్చుకునేవాళ్ళు. కులసంఘం వాళ్ళు ఒకసారి శాలువా కప్పారు. అన్నను ముందు వరసలో కూర్చోబెట్టారు. చప్పట్లు కొట్టడానికి చేతులు రావు కాబట్టి, తను అరచేతిని తొడ మీద కొడుతున్నాడు. అది చూస్తూ నేను వేదిక మీద నవ్వుతూ నిలబడ్డాను. అప్పుడు చెప్పి ఉండొచ్చు కదా? ఏ రోజైనా ఆ రెండో బోర్డు తీసి, దొరికిందన్నా అని బిగించి ఉండొచ్చు కదా? అలా కూడా చేయలేదు. అన్న మళ్ళీ నవ్వితే, ఇన్నాళ్ళు ఆ నవ్వును ఎవరు ఆపారో నాకు కళ్ళముందు కనబడుతుంది. దానికంటే తనను అలాగే ఉంచడం సులువనిపించింది. ఇది రాస్తుంటే నా మీద నాకే రోత పుడుతోంది.

సంబంధాలు వస్తే, అన్నను చూసుకోవాలి అని తిప్పి పంపాను. దానికీ మెచ్చుకున్నారు.

పోయిన వారం సిరిసిల్ల నుంచి ఒకామె వచ్చింది. ఆమె భర్త మరమగ్గాల మీద పనిచేసేవాడు. చేయి బెల్టులో పడి వేళ్ళు పోయాయి. ఊరికే కూర్చోలేక పిచ్చెక్కిపోతున్నాడట. జగిత్యాలలో వ్యాయామానికి వచ్చినప్పుడు, నేను బయట కూర్చుని ఉండగా, వాళ్ళకు అన్న లోపల పరిచయమయ్యాడు. అన్నే చెప్పాడట, మా చెల్లె నా కోసం ఆడుకునేటి కీబోర్డు చేసింది, గసొంటిది చెయ్యమని అడుగున్రి అని. ఆమె ముందు కాదనలేకపోయాను.

"పాతదాంట్ల మంచిగున్న సామాను తీసి ఆయనకు వెయ్ చెల్లె. నాకైతే ఇగ పనికిరాదు గదా" అన్నాడు అన్న.

అలమారాలోంచి ఆ కీబోర్డు దించి, తన ఎదురుగానే విప్పాను. లోపలి పల్చటి ప్లాస్టిక్ పొరలు ఒక్కొక్కటిగా తీశాను. అన్న వంగి చూస్తున్నాడు. చాలాసేపు చూశాడు.

"చాయ్ మరక లేదు గదా" అన్నాడు.

అప్పుడే తుడిచిన అనే మాట నా నాలుక మీదికి వచ్చింది. అంటే నమ్మేవాడు. ఎప్పుడూ నమ్ముతాడు. నా చేతిలోని స్క్రూడ్రైవర్ కింద పెట్టాను.

"చాయ్ కాదన్నా. నేనే కాల్చిన."

 నేను ఆగకుండా చెప్పాను. ఛార్జర్, అగరుబత్తీలు, రెండో బోర్డు, అన్నీ. గుమ్మం దగ్గర విన్న మాట కూడా, ఒక్క అక్షరం పోకుండా చెప్పాను.

"నేనన్ననా గట్ల?" అన్నాడు.

తనకు గుర్తు లేదు. నిజంగా గుర్తు లేదు, ముఖం చూస్తే తెలుస్తోంది. నేను ఆరేళ్ళుగా రోజూ విన్న మాట తను ఆ సాయంత్రమే మరచిపోయాడు.

తర్వాత అన్న నాతో మాట్లాడలేదు. ఐదు రోజులైంది. నేను కలిపిన ముద్ద తింటాడు. నేను పట్టిన చాయ్ తాగుతాడు. నా వైపు చూడడు. అమ్మ ఏమైందని అడిగితే ఇద్దరం ఏమీ లేదన్నాం. నిన్న పక్కింటావిడ వచ్చి ఎప్పటిలాగే నన్ను పొగిడింది. అన్న నోరు విప్పలేదు.

ఈ ఉదయం వ్యాయామానికి జగిత్యాల పోవాలి. ప్రతిసారీ నేను వెంట పోతాను. చెప్పులు వేసుకుంటుంటే చేయి అడ్డం పెట్టి వద్దన్నాడు. వీధి చివర ఆటో నడిపే అతన్ని పిలిపించుకుని, తన చొక్కా జేబులో డబ్బులు, ఫోన్ అమ్మతో పెట్టించుకుని, కర్ర మణికట్టుకు తగిలించుకుని ఒక్కడే పోయాడు. ఆటో ఎక్కేటప్పుడు కాలు ఒకసారి తడబడింది. నేను గుమ్మంలోనే నిలబడ్డాను. ముందుకు పోలేదు.

అమ్మ చుట్టిన బీడీలు అప్పజెప్పడానికి పోయింది. ఇల్లంతా ఖాళీగా ఉంది. కూర్చుని ఇది రాస్తున్నాను.

తను క్షమిస్తాడో లేదో నాకు తెలియదు. అడగను. అడిగే హక్కు నాకు లేదు. ఇది చదివాక మీకూ నా మీద గౌరవం ఉండకపోవచ్చు, ఉండాల్సిన అవసరమూ లేదు. ఒక్కటి మాత్రం తెలుస్తోంది. ఇన్నేళ్ళూ అన్న మాట్లాడినా, మెచ్చుకున్నా, ఏడ్చినా, అదంతా అసలు లేని ఒక చెల్లెలితో. మధ్యాహ్నం తిరిగి వచ్చాక తను తిట్టినా, అసలేమీ అనకపోయినా, అది నాతోనే.