కోటు జేబులో చేపల కత్తి

స్టైనీకి డెబ్బై రెండేళ్లు. అందులో యాభై ఆరేళ్లు కెనడాలోని విన్నిపెగ్ సరస్సు మంచుకు చిల్లులు పొడవడంలోనే గడిచిపోయాయి. చలికాలం రెండు చిల్లులు కొట్టడం, ఒకదాన్నుంచి మరోదానికి మంచు కింద వల పరచడం, ఇద్దరు మనుషులు చెరో చిల్లు దగ్గరా నిలబడి లాగడం. "మా ఆవిడ కంటే ఈ సరస్సే నన్ను ఎక్కువ సాధించింది" అని కాఫీ కొట్లో అంటుంటే, ముసలాళ్లంతా ప్రతిసారీ కొత్తగా విన్నట్టు నవ్వేవారు. మొండిఘటం. నోటికి అడ్డూ ఆపూ లేదు. కానీ ఒకరి కష్టం చూస్తే నిలవలేడు.

అలాంటి మనిషి కూతురు డీసాను నాలుగేళ్ల కిందట ఆమె కన్నకొడుకే వంటింట్లో కత్తితో పొడిచి చంపాడు. కారీకి అప్పుడు పదిహేనేళ్లు. అంతకు ఆరు నెలల ముందు నుంచే వాడికి తల్లి తల్లిలా కనిపించడం మానేసింది. ఎవరో ఆమె ముఖం తగిలించుకుని ఇంట్లో తిరుగుతున్నారని నమ్మాడు. డీసా వాణ్ణి మూడుసార్లు ఆసుపత్రికి తీసుకెళ్లింది. "ఈ వయసులో ఇవన్నీ మామూలే" అని మూడుసార్లూ తిప్పి పంపేశారు. మామూలట! తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

కోర్టులో చనిపోయినవాళ్ల తరఫువాళ్లకు ఒక పక్క బెంచీలు, ముద్దాయి తరఫువాళ్లకు ఇంకో పక్క. బంట్రోతు వచ్చి, "పెద్దాయనా, మీరు ఎవరి తాలూకు?" అని అడిగాడు.

"చచ్చింది నా కూతురు. చంపింది నా మనవడు. ఎక్కడ కూర్చోమంటావో నువ్వే చెప్పు."

బంట్రోతు పక్కకు తప్పుకున్నాడు. స్టైనీ ఓ మడతకుర్చీ లాక్కొచ్చి నడిమి దారిలో వేసుకున్నాడు. విచారణ జరిగిన ఏడు రోజులూ అక్కడే కూర్చున్నాడు. పిల్లాణ్ణి పెద్దవాడిలా శిక్షించాలని సర్కారు వకీలు పట్టుబట్టాడు. ఇది జబ్బు చేయించిన పని అని డాక్టర్లు చెప్పారు. చివరికి జడ్జి వాణ్ణి పిల్లవాడిగానే చూసి, తాళం వేసి ఉంచుతూనే వైద్యం చేసే చోటికి పంపాడు. ఆ రోజు నుంచి ఊళ్లో కొందరు స్టైనీతో మాటలు మానేశారు. మానితే మానారు, పీడా పోయింది.

నాలుగేళ్లూ నెలకు రెండుసార్లు బస్సెక్కి వెళ్లి మనవణ్ణి చూసొచ్చాడు. వాడు తేరుకున్నాడు. ఏం చేశాడో వాడికి తెలిసొచ్చింది, తెలిశాక ఏడాది పాటు మంచం దిగలేదు. ఈ మార్చిలో మొదటిసారి ఒక్క రోజు బయటికి వదిలారు, వెంట మారిసెల్ అనే అధికారిణి. ఈ రోజు సవ్యంగా గడిస్తే వేసవికల్లా కారీ వచ్చి తాత దగ్గర, నిఘాలో ఉండొచ్చు. తేడా వస్తే మళ్లీ ఏడాది ఆగాలి.

"వాడితో ఒకే ఇంట్లో ఉండడానికి భయమేమైనా ఉందా?" అని ఆమె ముందే ఫోన్లో అడిగింది.

"ఛ, భయమేంటి, నా మనవడు!" అన్నాడు స్టైనీ.

ఇంట్లో కత్తులు ఉండకూడదన్నారు. ఉన్నవన్నీ మూటగట్టి పక్కింటి లార్నాకు ఇచ్చొచ్చాడు. వెన్న రాసుకునే మొండికత్తిని కూడా వదల్లేదు.

"దీంతో ఏం జరుగుతుందయ్యా?" అని నవ్వబోయి లార్నా నాలిక్కరుచుకుంది.

పొద్దున్నే ముగ్గురూ మంచు మీదికి వెళ్లారు. కారీ పల్చటి కోటుతో వణుకుతున్నాడు. "ఇదేం బట్టరా, దోమతెరా?" అని స్టైనీ తన బొంత కోటు విప్పి వాడికి తొడిగి, బండిలో ఉన్న పాతది తాను వేసుకున్నాడు. వాడు ఎనభై అడుగుల అవతల రెండో చిల్లు దగ్గరికి వెళ్లి, చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు. అంతే, నిలబడిపోయాడు.

స్టైనీకి అప్పుడు గుర్తొచ్చింది. చేపల కత్తి! యాభై ఏళ్లుగా ఆ జేబులోనే ఉంటుంది. వల కాలికి చుట్టుకుంటే ప్రాణం కాపాడేది అదే. ఇల్లంతా గాలించిన మనిషికి ఒంటిమీదున్నది తట్టలేదు.

కారీ రెండు చేతులూ పైకెత్తాడు. "తాతా! ఈ జేబులో నీ కత్తి ఉంది. నన్ను రమ్మంటావా, నువ్వొస్తావా?"

"నువ్వు కదలకు! నేనే వస్తా!"

ఆ ఎనభై అడుగులూ స్టైనీ వాడి చేతుల మీంచి చూపు తిప్పకుండా నడిచాడు. మారిసెల్ వెనకే పరుగెత్తింది. జేబులోంచి కత్తి తీసి ఆమె చేతిలో పెట్టాక గానీ వాడి ముఖంలోకి చూడలేకపోయాడు.

"భయపడ్డావు కదా తాతా."

"అవున్రా."

మారిసెల్ నోటుపుస్తకం తెరిచింది. "కత్తి సంగతి రాయక తప్పదు స్టైనీ గారూ. మరి ఫోన్లో భయం లేదన్నారు. అదే ఉంచమంటారా?"

ఉంచమంటే మనవడు ఇంటికొస్తాడేమో. మార్చమంటే ఇంకో ఏడాది. స్టైనీ కాసేపు మంచును బూటుతో తన్నాడు.

"అబద్ధం చెప్పానమ్మాయ్. భయం ఉంది. వీడు ఇంటికి రావాలనీ ఉంది. రెండూ రాయి. ఒకటి వదిలేశావో, సంతకం పెట్టను."

"నాకూ భయమే," అన్నాడు కారీ. "అందుకే జబ్బుకిచ్చే సూది నెలనెలా నేనే అడిగి మరీ వేయించుకుంటా."

మారిసెల్ రాసుకుంది. "కత్తి ఉందని కారీ తనే పిలిచి చెప్పిన సంగతి కూడా రాస్తున్నా. అసలు భయం లేదనే ఇంటికి పిల్లల్ని పంపాలంటేనే నాకు హడలు."

స్టైనీకి గుండెల మీంచి బరువు దిగినట్టయింది. "అయితే నిలబడ్డారేం, లాగండి!" అని అరిచాడు. వల నిండా చేపలు పడ్డాయి.

మధ్యాహ్నం ఇంట్లో చేపలు ఉడికాయి. రొట్టె కొయ్యడానికి కత్తి లేదు, చేత్తోనే తుంచుకున్నారు.

"మరి వెన్నో?" అంది మారిసెల్.

కారీ చెంచా తిరగేసి, దాని వీపుతో రొట్టెకు వెన్న పూశాడు. "అమ్మ ఎప్పుడూ ఇలాగే రాసేది," అన్నాడు.

ఈ నాలుగేళ్లలో వాడి నోట అమ్మ మాట వినడం స్టైనీకి అదే మొదలు. కళ్లు చెమర్చాయి, తుడుచుకోలేదు.

"ఎంత చెప్పినా వినేది కాదురా, మొండిది," అని వెన్నగిన్నె వాడి వైపు జరిపాడు.