నాలుగు రబ్బరు ముక్కలు

2022 ఎండాకాలం. మెదక్‌లో మా మెకానిక్ షెడ్డుకు వచ్చేవన్నీ ట్యాక్సీలు, ట్రాలీ ఆటోలు. అలాంటి చోటికి నిజాంపేట రాంరెడ్డి ఎర్ర స్పోర్ట్స్ కారులో వచ్చి దిగాడు. ప్లాట్ల వ్యాపారి, పదిహేనేళ్లుగా నా గిరాకీ. ఆ కారును సెకండ్ హ్యాండ్‌లో కొని, హైదరాబాద్‌లో రీమ్యాప్ కూడా చేయించాడు. అంటే ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్‌లో లెక్కలు మార్చి హార్స్‌పవర్ పెంచడం.

"గుర్రాలు మస్తుగున్నయి చాంద్ భాయ్. రోడ్డే మంచిగ లేదు. స్పీడ్ బ్రేకర్ వస్తే చాలు, కింద గీకుతుంది. జర ఎత్తు లేపు" అన్నాడు.

దానికి స్పేసర్లు వేస్తారు. స్ప్రింగు చుట్ల మధ్య ఇరికించే రబ్బరు ముక్కలు. ట్యాక్సీలకు ఎన్నిసార్లు వేశానో లెక్కలేదు. కానీ ఈ కారు కింద పడుకుని చూస్తే సంగతి వేరు. ఇంజిన్‌ను వీలైనంత కిందికి, వెనక్కి కూర్చోబెట్టారు. వంపులో నాలుగు టైర్లూ నేలను వదలకుండా ఎవరో ఏళ్ల తరబడి తల బద్దలు కొట్టుకుని చేసిన పని అది. ఆ తక్కువ ఎత్తు సోకు కోసం కాదు, దాని ప్రాణమే అందులో ఉంది.

"వద్దు రెడ్డి సాబ్, బ్యాలెన్స్ పోతది."

"ఏం కాదు తియ్యి. నీ చేతిల పడ్డంక నాకేం రంది?"

ఆ పొగడ్తకు పొంగిపోయాను. వేసేశాను. చేగుంట రోడ్డు మీద ట్రయల్ తీస్తే వంపులో స్టీరింగ్ తేలిపోయింది. నా చేతులకు తెలిసింది. అయినా రెడ్డితో "జర మెల్లగ నడుపుండ్రి" అని ఊరుకున్నాను. మెల్లగా నడిపేవాడు అలాంటి కారు కొంటాడా?

పన్నెండో రోజున అదే వంపులో కారు అదుపు తప్పి చెట్టును గుద్దింది. రాంరెడ్డి అక్కడే పోయాడు.

నెల తర్వాత అతని భార్య సుజాత షెడ్డుకు వచ్చింది.

"గుర్రాలు ఎక్కువై పాణం తీసినయని అందరంటున్నరు భాయ్. నిజమేనా?"

తలూపితే బయటపడేవాణ్ని. నోరు ఒప్పుకోలేదు.

"గుర్రాలొక్కటే కాదు చెల్లె. కారును లేపింది నేను. నేలను పట్టుకునే పట్టు పోయింది. నాకు తెల్సు. గట్టిగ చెప్పలే."

సుజాత షెడ్డు బయటికి రెండడుగులు వేసి, వెనక్కి తిరిగింది.

"ఇంట్ల మా మాట ఇనకపోతుండె. బండి సంగతిల మీ మాట ఇంటుండె భాయ్. గట్టిగ చెప్పుంటే ఇంటుండె."

తిట్టినా బాగుండేది.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. గుర్రాలను డబ్బున్న ఎవరైనా కొనుక్కోవచ్చు, వాటిని నేల మీద నిలబెట్టే తెలివి ఆ కారును తయారు చేసినవాళ్లది. దాన్ని నాలుగు రబ్బరు ముక్కలతో చెడగొట్టాను. ఇప్పుడు అలాంటి కారును ఎత్తు లేపమని ఎవరైనా వస్తే తాళం తిరిగి చేతిలో పెడతాను. "ఏమైతది భాయ్?" అంటారు. రాంరెడ్డి సంగతి చెబుతాను. గట్టిగానే చెబుతాను.