సరిహద్దు దాటాక పేరేమిటి?

విశ్వనాథంగారి ముందు పొరపాటున కూడా నది పేరు ఎత్తకూడదు. ఎత్తామా, "సరిహద్దుకి ఏ పక్కన?" అని పట్టుకుంటారు. బ్రహ్మపుత్ర టిబెట్‌లో సాంగ్‌పో అనీ, బంగ్లాదేశ్‌లోకి వెళ్లాక జమున అనీ సింగపూర్ తెలుగువాళ్లందరికీ నిద్రలో లేపి అడిగినా వచ్చు. అదంతా ఆయన చలవే. రాజమండ్రి మనిషి. గోదావరి ఏ దేశ సరిహద్దూ దాటదన్న దిగులొక్కటే ఆయనకి.

ఓసారి బిషాన్‌లో ఆయన ఫ్లాట్‌లో సత్యనారాయణ వ్రతం. పంతులుగారు కలశంలోకి నదులన్నిటినీ పిలుస్తూ సింధు దాకా వచ్చారు.

"ఒక్క నిమిషం పంతులుగారూ. సింధు పుట్టినచోట దాని పేరు సెంగే జాంగ్‌బో అండి. ఉత్త సింధు అంటే టిబెట్ నీళ్లు మనల్ని కాదనుకోవూ?"

"మరేమనమంటారు?"

"రెండూ అనండి. పోయేదేముంది?"

పంతులుగారు రెండూ అన్నారు. అంతటితో అయిందా? బంగ్లాదేశ్‌లో గంగ పేరు పద్మ కాబట్టి మళ్లీ మొదటికి వెళ్లాల్సివచ్చింది.

"ఏ పేరుతో వచ్చినా కూర్చోబెట్టండి, పిల్లలు ఆకలంటున్నారు!" అని వాళ్లావిడ కాత్యాయనిగారు వంటింట్లోంచి కేకేశారు.

"నాన్నా, వాటర్ ఈజ్ వాటర్ లా!" అంది కూతురు ప్రణవి సింగపూర్ యాసలో. పాపం, ఆ పిల్లకి ఆ సాయంత్రమంతా నేపాల్ కర్ణాలీ మన దేశంలో ఘాఘ్రా ఎలా అయిందో పాఠం.

తొంభైతొమ్మిదిలో తంజోంగ్ పగార్‌లో విశ్వనాథంగారూ నేనూ పనిచేసే ఆఫీసు, రెండువేల సంవత్సరం రాకముందే ప్రోగ్రాముల్లో తేదీలు సరిచేసే హడావిడిలో ఉండేది. అప్పుడు చేరాడు షఫీకుల్ అనే బంగ్లాదేశ్ ఇంజనీరు. పని బంగారం, నోరు మాత్రం పెగలదు. భోజనం కూడా ఒంటరిగానే.

"శుక్రవారం క్లయింట్ ముందు తన పని తనే చెప్పాలి. అక్కడా ఇలాగే కూర్చుంటే ప్రొబేషన్‌తోనే సరి" అన్నాడు మేనేజరు ఓంగ్ మా ఇద్దరితో. ఉద్యోగం పోతే షఫీకుల్ తిరుగు విమానం ఎక్కాల్సిందే.

మర్నాడు మేం భోంచేసే హాకర్ సెంటర్‌లో విశ్వనాథంగారు ఖాళీ కుర్చీలో టిష్యూ పొట్లం పెట్టి, సింగపూర్ పద్ధతిలో 'చోప్' చేసి, అంటే చోటు ఆపి, షఫీకుల్‌ని లాక్కొచ్చి కూర్చోబెట్టారు. తర్వాత నాతో ఇంగ్లీషులో గట్టిగా, "ఈ బ్రహ్మపుత్ర ఉందే, బంగ్లాదేశ్‌లోనూ అదే పేరు. జమునంటే ఢిల్లీ దగ్గరిదొక్కటే" అన్నారు.

నా నోట్లో ముద్ద ఆగిపోయింది. ఈయనకి ఒంట్లో బాగుందా?

షఫీకుల్ తలెత్తాడు. "కాదు సార్. మాది సిరాజ్‌గంజ్. మా ఇంటి ముందు పారేది జమునే."

"ఎప్పుడైనా మ్యాపు చూశావా?"

"మ్యాపెందుకు సార్? నేను ఈత నేర్చుకుందే అందులో!"

"నేనొప్పుకోను."

ఇంకేముంది! షఫీకుల్ ప్లేట్లు పక్కకి జరిపి, చిల్లీ సాస్‌తో బల్లమీద నది గీసేశాడు. పాతపాయ ఎటు పోయిందో, జమున పద్మలో ఎక్కడ కలుస్తుందో, ఒడ్డు విరిగి వాళ్ల బడి ఎలా కొట్టుకుపోయిందో గుక్కతిప్పుకోకుండా చెప్పాడు. విశ్వనాథంగారు అడుగడుగునా అడ్డం పడుతూనే ఉన్నారు. గురువారం దాకా రోజూ అదే యుద్ధం.

శుక్రవారం మీటింగులో క్లయింట్ ఏదో తప్పుపట్టాడు. "కాదు సార్" అంటూ లేచిన షఫీకుల్, అంతా ఒప్పించేదాకా కూర్చోలేదు. ఓంగ్ అక్కడికక్కడే ఉద్యోగం ఖాయం చేశాడు.

"జమున సంగతి మీకు తెలియకనా?" అని లిఫ్టులో నిలదీశాను.

"ఊరుకోవోయ్. అంతా నాకే తెలుసని కూర్చుంటే, పాపం అతనికి చెప్పడానికేం మిగులుతుంది?"

నది పేరు తప్పు చెప్పడమంటే ఆయనకి ప్రాణం మీదికొచ్చే పని. ఆ క్షణంలో ఆయనంటే నాకు ఎక్కడలేని ప్రేమా పుట్టుకొచ్చింది.

అది సోమవారం దాటలేదు. ఆరోజు భోజనాల దగ్గర మెకాంగ్ నది అని నోరుజారాను. విశ్వనాథంగారు చైనా వైపునుంచి, షఫీకుల్ వియత్నాం వైపునుంచి మొదలుపెట్టారు. ఇద్దరూ లావోస్‌లో కలుసుకునేసరికి నా లంచ్ టైమ్ అయిపోయింది.